మళ్ళీ తలుపు కొట్టి రండి, డాక్టరుగారూ

హాస్టల్, రెండో అంతస్తు, ఫ్యాను కిర్రుమనే గది
ఆదివారం

మామయ్యా,

ఇక్కడ నేను క్షేమం కాదు. అక్కడ నువ్వు క్షేమమో కాదో తర్వాత అడుగుతాను, ముందు నా గోడు విను.

పరీక్ష తప్పాను. అమ్మకి ఇంకా చెప్పలేదు. తప్పింది గుండె గురించో మెదడు గురించో అయితే కాస్త పరువుగా ఉండేది. వాటన్నిటిలో నాకు ఫస్టు క్లాసే. నేను తప్పింది మాట్లాడటంలో. ఏడాది నిండకముందే గడగడా మాట్లాడిందని అమ్మ ఊరంతా చెప్పుకు తిరిగే నీ మేనకోడలు మాటల పరీక్ష తప్పింది!

పేషెంట్లతో ఎలా మాట్లాడాలో చూసే పరీక్ష కొత్తగా పెట్టారు. గదిలో ఒక ఉత్తుత్తి పేషెంటు ఉంటారు. తలుపు మీద కార్డు ఉంటుంది. అది చదువుకుని లోపలికి వెళ్ళి, బెల్లు కొట్టేలోగా మాట్లాడి రావాలి. నా తలుపు మీద ఏముందంటే, ‘ఈవిడ భర్త ఆపరేషను బల్ల మీద చనిపోయారు. ఈవిడకి చెప్పండి.’

చెప్పాను. “మీ ఆయన పోయారండీ. గుండె ఆగిపోయింది. మేం చేయాల్సిందంతా చేశాం. ఇంకేమైనా సందేహాలా?” అన్నాను. అంతా అయిపోయాక చూస్తే బోలెడు టైము మిగిలింది. ఊరికే నిలబడితే ఏం బాగుంటుందని కాగితం తీసి, గుండె బొమ్మ వేసి, నాలుగు గదులూ చూపించి, ఏ గది ఎందుకు ఆగిందో చెప్పాను. ఆవిడ ఏడవటం మానేసి బొమ్మ వంక చూస్తూ ఉండిపోయింది. పరీక్ష చూసే పెద్దాయన నా కాగితం మీద ‘బొమ్మ బాగుంది’ అని రాసి సున్నా చుట్టాడు.

మూడు నెలల్లో మళ్ళీ పెడతారట. ఈసారీ తప్పితే ఏడాది ఆగాలి. నువ్వు మీ ఊళ్ళో మెడికల్ కాలేజీలో ఉత్తుత్తి పేషెంటుగా చేరావని అమ్మ చెప్పింది. మొన్నటిదాకా నవ్వాను. ఇప్పుడు నీ కాళ్ళు పట్టుకుంటున్నాను. నేర్పు.

నీ మేనకోడలు


నాటక సమాజం మేడ మీది గది
గురువారం

మా డాక్టరమ్మకి,

నీ ఉత్తరం చదివి నవ్వలేక చచ్చాను. బొమ్మ వేశావా! పోనీ రంగులు కూడా వేయాల్సింది.

నా కొత్త ఉద్యోగం సంగతి చెప్తాను. ఇక్కడ నాటకాలు ఆగిపోయి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసు. కిరీటాలు ట్రంకుపెట్టెలో, నేను కుర్చీలో, ఇద్దరం దుమ్ము పట్టి ఉన్నాం. అలాంటప్పుడు కాలేజీలో క్లాసు చూసే మేడమ్ వెతుక్కుంటూ వచ్చి, “పేషెంటు వేషం వేయగలరా అండీ?” అని అడిగింది. రాజు వేషాలు వేసినవాడిని, పేషెంటు ఒక లెక్కా అనుకున్నాను.

మొదటి రోజు నా కార్డులో కడుపునొప్పి. ‘కాస్త ఆందోళనగా ఉంటాడు’ అని రాసి ఉంది. కుర్రాడు వచ్చాడు. నేను కాస్త ఆందోళనతో మొదలుపెట్టాను. అతను కడుపు మీద చెయ్యి వేశాడు. ఇక నాకు ఊపు వచ్చేసింది. మూలిగాను, కుర్చీలోంచి జారాను, “నా పిల్లల్ని చూసుకోండి” అన్నాను, చచ్చిపోయాను. కుర్రాడు స్ట్రెచర్ కోసం పరిగెత్తాడు. మేడమ్ నన్ను పక్కకి పిలిచి, “మీరు చావకూడదండీ, కార్డులో లేదు” అంది. “పాత్ర నన్ను అక్కడికి తీసుకెళ్ళింది మేడమ్” అన్నాను. “ఈసారి వెళ్ళనివ్వకండి” అంది.

ఇప్పుడు దారిలో పడ్డాను. ఈ పనిలో నాకు బాగా నచ్చింది బెల్లు కొట్టాక వచ్చే ఘట్టం. అప్పుడు పేషెంటు పోయి మనిషి తిరిగి వస్తాడు. ఎదురుగా ఉన్న పిల్లకో పిల్లాడికో వాళ్ళేం చేశారో, అప్పుడు తనకెలా అనిపించిందో చెప్పాలి. “మీరు తలుపు దగ్గరే నిలబడ్డారు, మీకు వేరే పనుందేమో అనిపించింది” ఇలాగ. చెప్పి మార్కులు వేయాలి. ముప్పై ఏళ్ళు జనం నాకు వేశారు మార్కులు, ఇప్పుడు నా వంతు.

నీకు మూడు ముక్కలు చెప్తాను. కూర్చో. అడుగు. నోరు మూసుకో. ఈ మూడోది మన ఇంటావంటా లేదు కాబట్టి దాని మీద ఎక్కువ కష్టపడు.

గొంతు బొంగురుపోయి రెండు నెలలు దాటింది. అదీ మంచిదే, దగ్గు పేషెంటు వేషాలన్నీ నాకే ఇస్తున్నారు.

మామయ్య


హాస్టల్
మంగళవారం

మామయ్యా,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఫలితాలు విను.

కూర్చోమన్నావు కదా, వార్డులో ఒకాయన మంచం మీద కూర్చున్నాను. అది మంచం కాదు, దుప్పటి కింద ఆయన కట్టు కట్టిన కాలు. ఆయన అరుపుకి పక్క వార్డు నర్సులు కూడా వచ్చారు.

అడగమన్నావు కదా, నా గదిలో ఉండే అమ్మాయిని “ఇప్పుడు నీకెలా అనిపిస్తోంది?” అని పొద్దున్న అడిగాను, మధ్యాహ్నం అడిగాను, సాయంత్రం అడిగాను. రాత్రి ఆమె గది మార్చమని అర్జీ పెట్టుకుంది.

నోరు మూసుకోవటం మాత్రం పనిచేసింది. ఆలస్యంగా వచ్చినందుకు వార్డెన్ నిలదీసింది. నేను ఆవిడ మొహంలోకి శాంతంగా చూస్తూ ఏమీ అనలేదు. ఆవిడ కాసేపు తిట్టింది, తర్వాత తగ్గింది, తర్వాత భయపడింది. చివరికి కాఫీ తెచ్చిచ్చి, “ఇంట్లో అంతా బాగున్నారా అమ్మా?” అంది.

ఇక నీ గొంతు సంగతి. మూడు వారాలు దాటిన బొంగురు తప్పకుండా చూపించుకోవాలి. నీకు వయసు మీద పడుతోంది. పొగ తాగేవాడివి. క్యాన్సరు కావచ్చు, కాకపోవచ్చు. రేపే గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఏమన్నాడో రాయి. ఆలస్యం చేయకు.

నీ మేనకోడలు


నాటక సమాజం మేడ మీది గది
శనివారం

డాక్టరుగారికి,

తమరి ఉత్తరం అందింది. మార్కులు పదికి రెండు. అవి కూడా వార్డెన్ కాఫీకి.

మా పద్ధతిలో చెప్తాను విను. మీరు కాలు విరిగినాయన మీద కూర్చున్న కథతో నన్ను నవ్వించారు. నేను నవ్వుతూనే పేరా దిగాను. అక్కడ క్యాన్సరు ఉంది. తలుపు వెనక దాక్కుని ‘భౌ’ అన్నట్టు అన్నారు. అప్పుడు నాకెలా అనిపించిందంటే, నా మేనకోడలు ఉత్తరం రాయలేదు, పోలీసు సమను పంపింది అనిపించింది.

నాకేమీ లేదు. ముప్పై ఏళ్ళు మైకు లేకుండా చివరి వరస దాకా వినపడేట్టు అరిచిన గొంతు. దానికి కాస్త విశ్రాంతి కావాలి, ఇస్తున్నాను. వేడినీళ్ళు పుక్కిలిస్తున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్ళను. రోజంతా డాక్టర్లతోనే కదా నా బతుకు!

నిన్న ఒక కుర్రాడు వచ్చాడు. నాది గుండెనొప్పి వేషం. నేను నోరు తెరవకముందే “మీ బాధ నాకు పూర్తిగా అర్థమవుతోందండీ” అన్నాడు. “ఏమర్థమైంది నాయనా?” అని అడిగాను. పాపం, తెల్లబోయి బయటికెళ్ళి కార్డు మళ్ళీ చదువుకొచ్చాడు.

ఇంక నా గొంతు మాట ఎత్తకు.

మామయ్య


హాస్టల్
బుధవారం

గౌరవనీయులైన మామయ్యగారికి,

మొన్నటి నా ఉత్తరం మీకు ఇబ్బంది కలిగించిందని తెలుసుకున్నాను. అందుకు విచారిస్తున్నాను. గొంతు విషయంలో మీకు ఆందోళన ఉండటం సహజం. ఆ ఆందోళనను నేను గౌరవిస్తున్నాను. ఈ విషయమై మీకు ఇప్పటివరకు ఏమేమి తెలుసో ముందుగా తెలుసుకోగోరుతున్నాను. మీరు తీసుకునే ఏ నిర్ణయానికైనా మా సహకారం ఉంటుంది. వైద్యుణ్ణి సంప్రదించటం గురించి మీ అభిప్రాయం ఏమిటి? మీరు సమయం తీసుకుని చెప్పవచ్చు.

ఇట్లు,
మీ మేనకోడలు

పైదంతా పుస్తకంలో చూసి రాశాను. మామయ్యా, నాకు చచ్చేంత భయంగా ఉంది. వెళ్ళవూ?


నాటక సమాజం మేడ మీది గది
ఆదివారం

పిచ్చిపిల్లకి,

పై ఉత్తరానికి సున్నా. చదువుతుంటే బ్యాంకువాళ్ళు నా ఖాతా మూసేస్తున్నారేమో అనిపించింది. అడుగున రాసిన రెండు ముక్కలకి మాత్రం చొక్కా మార్చుకుని ఆసుపత్రికి వెళ్ళాను.

ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి గొంతు చూశారు. “ఆ... అనండి” అన్నారు. నేను సుదీర్ఘంగా అన్నాను. “చాలండీ” అన్నారు. తర్వాత ఇంకో రోజు మత్తు ఇచ్చి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. అవన్నీ రాసి నిన్ను హడలగొట్టటం ఎందుకని ఈ మూడు వారాలూ ఊరుకున్నాను. మొన్న శుక్రవారం రిపోర్టు చెప్తామంటే వెళ్ళాను.

అసలు కథ ఇక్కడుంది. తలుపు తోసుకుని వచ్చిన గొంతు డాక్టరు ఎవరనుకున్నావు? నా దగ్గర క్లాసులో నేర్చుకున్న పిల్లాడే! మొదట్లో నేను చచ్చిపోతే స్ట్రెచర్ కోసం పరిగెత్తాడే, అతనే. చదువు అయిపోయి ఇప్పుడు హౌస్ సర్జనుగా పెద్ద డాక్టరు కింద పనిచేస్తున్నాడు. పెద్దాయన ఆపరేషను గదిలో ఉండి ఇతన్ని పంపాడు. ఫైలు చూసుకుంటూ వచ్చాడు, నిలబడే ఉన్నాడు, ఫైలుకే చెప్తున్నట్టు “రిపోర్టు వచ్చిందండీ, ఇదేమో...” అని మొదలుపెట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. చెయ్యెత్తి ఆపాను. “బాబూ, నువ్వు కూర్చోలేదు. నా మొహం చూడలేదు. ఇదా నేను నేర్పింది? మళ్ళీ బయటికెళ్ళి తలుపు కొట్టి రా” అన్నాను.

వెళ్ళాడు! నర్సు నోరు వెళ్ళబెట్టింది. కాసేపటికి టక్ టక్ మని చప్పుడు. “లోపలికి రావచ్చా అండీ?” “రా నాయనా.” ఈసారి ఫైలు మూసి పెట్టాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “ఒక్కరే వచ్చారా? ఇంట్లోవాళ్ళెవరైనా ఉన్నారా?” అన్నాడు. “ఇప్పటిదాకా మీకేం చెప్పారు?” అన్నాడు. నెమ్మదిగా చెప్పాడు. చెప్పి ఆగాడు. అబ్బ, ఏం ఆగాడనుకున్నావు! స్టేజీ మీద కూడా అంత చక్కటి మౌనం నేను చూడలేదు. నా కళ్ళు చెమర్చాయి.

ఎనిమిది వేశాను. మధ్యలో పెన్ను టకటకలాడించాడు, దానికి రెండు కోశాను. భుజం తట్టి, ఇంకా పైకొస్తావని దీవించి ఇంటికొచ్చాను. రేపు నాది ఉబ్బసం వేషం.

మామయ్య


హాస్టల్
బుధవారం

మామయ్యా,

ఏమన్నాడు?


నాటక సమాజం మేడ మీది గది
శుక్రవారం

అమ్మడూ,

రాశాను కదా, నెమ్మదిగా చెప్పాడని. ముందు ‘నేను చెప్పబోయేది మీరు కోరుకునే వార్త కాదు’ అని ఒక మెట్టు వేశాడు. అలా మెట్టు వేయాలని మేమే నేర్పుతాం. ఆ తర్వాత కాస్త ముందుకి వంగాడు. గొంతు తగ్గించాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. చేతులు బాగా పెట్టుకున్నాడు.

ఈ పాటికి నువ్వు కాగితం నలిపేస్తూ ఉంటావు. సరే, ఉన్నమాట చెప్తాను. నేను వినలేదు.

నవ్వకు. అతను ఎక్కడ ఆగుతున్నాడో, ఎటు చూస్తున్నాడో గమనిస్తూ కూర్చున్నాను. ‘కోరుకునే వార్త కాదు’ దాకా చెవిలో పడింది. తర్వాత అతని పెదాలు కదిలాయి. నేను మార్కులు లెక్కవేసుకుంటున్నాను. చివర్లో “ఈ నెలలోపే నిర్ణయించుకోవాలండీ, ఎవరినైనా తోడు తీసుకుని రండి” అన్నాడు. అది విన్నాను. “చాలా బాగా చెప్పావు బాబూ” అని లేచి వచ్చేశాను. అతను పాపం కుర్చీలో అలాగే ఉండిపోయాడు.

మళ్ళీ వెళ్ళి ఏం చెప్పావని అడగాలంటే కాళ్ళు రావటం లేదు. నిన్న గేటు దాకా వెళ్ళి వచ్చాను.

ఈ సంగతి మీ అమ్మకి చెప్పకు.

మామయ్య


హాస్టల్
ఆదివారం

మామయ్యా,

అమ్మకి చెప్పాను. తిట్టుకో.

గురువారం పొద్దున్నే మీ ఊరు వస్తున్నాను. శనివారం నా పరీక్ష. పరీక్ష ముందు రావద్దని తిరుగు ఉత్తరం రాయటానికి నీకు టైము ఉండకూడదనే ఈ ఉత్తరం ఆలస్యంగా పోస్టు చేస్తున్నాను. తప్పితే తప్పుతాను. ఏడాది ఆగితే ఏం, అమ్మ నాలుగు తిడుతుంది, నాకు అలవాటే. నీ నెల మాత్రం ఆగదు.

ఆ డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం. నేను డాక్టరీ చదువుతున్నానని చెప్పను. ఒక్క ప్రశ్న కూడా వేయను, బొమ్మ వేయను. నీ పక్కన కూర్చుంటాను. నువ్వు అతనికి మార్కులు వేసుకో, వినటం నేను వింటాను.

ఈలోగా ఒక్కటే అడుగుతాను. నాకు నిజంగా తెలియదు కాబట్టి అడుగుతున్నాను. నీ భయం దేనికి మామయ్యా? చావుకా, గొంతుకా?

నీ మేనకోడలు


నాటక సమాజం మేడ మీది గది
గురువారం, నీ బస్సు వెళ్ళిపోయాక

మా అమ్మడికి,

బెల్లు కొట్టాక ఎదుటివాళ్ళు ఏం చేశారో చెప్పటం నా ఉద్యోగం. ఇవాళ నువ్వేం చేశావో నీకు తెలిసి ఉండదు. విను.

డాక్టరు గదిలో నువ్వు నిజంగానే నోరు మెదపలేదు. ఆ పిల్లాడు నన్ను చూడగానే తలుపు దగ్గరే ఆగి “బయటికెళ్ళి రమ్మంటారా అండీ?” అని అడిగాడు. వద్దన్నాను. మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు. నేను మళ్ళీ అతని చేతుల వంకే చూస్తున్నాను. నువ్వది కనిపెట్టావు. అతనికి థాంక్స్ చెప్పి నా మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి, వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టావు. పక్కనే ఒకావిడ పెద్ద చప్పుడుతో బిస్కట్ల పొట్లం విప్పుతోంది.

నువ్వు నా పక్కన కూర్చుని, “మామయ్యా, క్యాన్సరే” అన్నావు.

అంతే. మెట్టు వేయలేదు. నాకేం తెలుసో అడగలేదు. గొంతు తగ్గించలేదు, బిస్కట్లావిడ కూడా విన్నది, పొట్లం విప్పటం ఆపేసింది. ఆ తర్వాత నువ్వు ఏడ్చావు. డాక్టరు పేషెంటు కంటే ఎక్కువ ఏడవకూడదని మా క్లాసులో చెప్తాం. నువ్వు నా రుమాలు కూడా లాక్కున్నావు. ఆ మాట నాకు వినపడింది. వినకుండా తప్పించుకునే సందు దొరకలేదు.

నీ ప్రశ్నకి జవాబు అప్పుడు చెప్పాను, గుర్తుందా? చావుకి కాదమ్మా, స్టేజీ మీద ఎన్నిసార్లు చావలేదు! గొంతు పోతుందేమోనని. అది లేకపోతే నేనెవరినో నాకే తెలియదు. పోతుందా అని అడిగాను. పోదని అనేస్తావనుకున్నాను. ఆ పిల్లాడైతే మంచి మౌనం పాటించేవాడు. నువ్వు ముక్కు తుడుచుకుని, “చిన్నదిగా ఉండగానే దొరికిందట. నోట్లోంచే లేజరుతో తీసేస్తారట. గొంతు మిగులుతుందనే అంటున్నారు, కానీ ముందులా ఉండకపోవచ్చు. ఖాయంగా చెప్పలేను మామయ్యా, నాకు తెలియదు” అన్నావు.

పొద్దున్నుంచీ ఎవరెన్ని చెప్పినా తలకెక్కనిది ఆ ‘తెలియదు’తో ఎక్కింది. తెలియదని చెప్పినదానివి మిగతావన్నీ నిజమే చెప్పి ఉంటావనిపించింది. నిన్ను బస్సెక్కించి, తిరిగి వెళ్ళి, ఆపరేషనుకి ఒప్పుకుని సంతకం పెట్టి వచ్చాను. నా సొంత పేరే రాశాను. అది నటన కాదు.

ఇప్పుడు పుస్తకం తియ్యి. ఎల్లుండి పరీక్ష.

మామయ్య


హాస్టల్
ఆదివారం

మామయ్యా,

పరీక్ష అయింది. అదే పెద్దాయన. నన్ను చూడగానే నా ముందు నుంచి తెల్లకాగితాలు తీసి అవతల పెట్టుకున్నాడు.

తలుపు మీద కార్డు ఇదీ: ‘ఈయన లారీ డ్రైవరు. చక్కెర జబ్బు. కాలు తీసేయాలి. చెప్పండి.’ లోపల ఒక పెద్ద వయసాయన, నలిగిన బస్సు టికెట్టులా మొహం ముడుచుకుని కూర్చున్నాడు. నేను కుర్చీ చూసుకునే కూర్చున్నాను, కింద ఎవరి కాలూ లేదు. అడగాల్సినవి అడిగాను. ఏం చేసినా ఆగలేదని, ప్రాణం దక్కాలంటే కాలు తీయక తప్పదని చెప్పాను. ఆయన చాలాసేపు నేల చూశాడు. నాకు మాట్లాడాలని నాలుక దురద పెట్టింది. నువ్వు బెంచీ మీద ఎలా కూర్చున్నావో గుర్తొచ్చింది. ఊరుకున్నాను.

ఆయన తలెత్తి, “మళ్ళీ బండి నడపగలనా అమ్మా?” అన్నాడు.

“తెలియదు మామయ్యా” అన్నాను.

నోరు జారింది. ఆయన గతుక్కుమన్నాడు. పెద్దాయన దగ్గాడు. ఇక అయిపోయిందనుకుని, ఏమైతే అదైందని, కృత్రిమ కాలు గురించి, మళ్ళీ నడక నేర్పేవాళ్ళ గురించి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన బుద్ధిగా విన్నాడు. బెల్లు కొట్టారట, మా ఇద్దరికీ వినపడలేదు. పెద్దాయన వచ్చి భుజం తట్టాడు.

పాసయ్యాను! అత్తెసరు మార్కులతో. పేషెంటుతో చుట్టరికం కలిపినందుకు కోసేశారు. అమ్మకి ఫోన్ చేస్తే, “మాట్లాడటంలో అత్తెసరు మార్కులా, మన ఇంట్లో పుట్టి!” అని తిట్టింది. తిట్టి వెంటనే నీ దగ్గరికి రావటానికి సూట్‌కేసు సర్దటం మొదలుపెట్టింది. నీ ఆపరేషను రోజు నాకు డ్యూటీ ఉంది. ఎంత అడిగినా సెలవు ఇవ్వలేదు. అమ్మ ఉంటుంది. ఆవిడ మాటలు భరించు.

నీ మేనకోడలు


ఆసుపత్రి, గొంతు డాక్టరు గది
శుక్రవారం, డాక్టరు మందులు రాసే కాగితం మీద

మా డాక్టరమ్మకి,

ఇన్నాళ్ళూ మీ అమ్మే నీకు కబుర్లు చెప్పింది. కాబట్టి వాటిలో సగం నిజమై ఉంటుంది. ఆపరేషను బాగా జరిగిందన్నది ఆ సగంలో ఉంది.

ఆపరేషను తర్వాత ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నారు. గుసగుస కూడా కూడదట. మీ అమ్మ పక్కన ఉండగా ఆ నియమం పాటించటం చాలా తేలిక, మధ్యలో దూరటానికి సందు ఉండాలి కదా. నా తరఫున కూడా అక్కే మాట్లాడింది. “బాగున్నారా?” అని ఎవరడిగినా “నీరసంగా ఉన్నాడు, చిన్నప్పటి నుంచీ అంతే” అని చెప్పింది. నేను పలక మీద ‘లేదు’ అని రాసి చూపించేలోగా ఆవిడ నా పదో తరగతి దాకా వెళ్ళిపోయేది. కాలేజీ మేడమ్ చూడటానికి వస్తే నేను కడుపునొప్పి వేషంలో చచ్చిన కథ మేడమ్‌కే మళ్ళీ చెప్పింది.

కానీ రాత్రిళ్ళు నేను నిద్రపోయాననుకుని కుర్చీలో చప్పుడు లేకుండా కూర్చునేది. అక్క చప్పుడు లేకుండా ఉండటం నేను పుట్టాక అదే మొదటిసారి చూడటం. అది చూస్తే నాకు ఆపరేషను కంటే ఎక్కువ భయమేసింది.

ఇవాళ గొంతు తెరవాల్సిన రోజు. నేను ఊరికే రాలేదు. ఇన్నాళ్ళూ మనసులో ఒక పెద్ద డైలాగు తయారుచేసుకున్నాను. రాజు యుద్ధంలో ఓడి, గెలిచినవాడి ఎదుట నిలబడి చెప్పేది, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా గుర్తులు పెట్టుకున్నాను. ఈ గొంతు ఏ పాటిదో దాంతో తేలిపోతుందనుకున్నాను. పెద్ద డాక్టరు వచ్చాడు, మన పిల్లాడు వచ్చాడు, నర్సు తలుపు దగ్గర నిలబడింది. అక్క నా పక్కన కూర్చుని నా చొక్కా గుండీ పట్టుకుంది.

“ఏదైనా మాట్లాడండి, నెమ్మదిగా” అన్నాడు పెద్ద డాక్టరు.

నోరు తెరిచాను. రాజు రాలేదు. డైలాగు మొదటి ముక్క కూడా గుర్తురాలేదు. నాలుక పిడచకట్టుకుపోయింది.

“అక్కా, కాసిని మంచినీళ్ళు” అన్నాను.

బొంగురుగా ఉంది. పాత గొంతు కాదు, చివరి వరస దాకా వెళ్ళే గొంతు కాదు. మొదటి వరసకి వినపడితే గొప్ప. కానీ నాదే అమ్మడూ. మాట నాదే, పలికింది నేనే. పెద్ద డాక్టరు తలూపాడు. మన పిల్లాడు కిటికీ వైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

అక్క ఒక్క ఉదుటున లేచింది. గ్లాసు తీసుకుంది. బయటికి పరిగెత్తింది. నేనీ ఉత్తరం రాస్తున్నంతసేపూ వరండాలో ఆవిడ గొంతు వినపడుతూనే ఉంది. దారినపోయే ప్రతి మనిషినీ ఆపి, “మాట్లాడాడండీ, మా తమ్ముడు నీళ్ళడిగాడండీ” అని చెప్పి ఏడుస్తోంది.

నీళ్ళు మాత్రం ఇంకా రాలేదు.

మామయ్య